ఇంటి భాష, బడి భాష: సేత్తూరు సీమ తెలుగువారికి దొరికిన ఎంపికలు

రాజపాళయం నుంచి తెన్‌కాశి వెళ్ళే దారిలో, పడమటి కనుమల పాదాన ఉన్న చిన్న పట్టణం సేత్తూరు. ఒకప్పుడు మరవ పాలెగాళ్ళ పాళెం, ఆ తర్వాత జమీందారీ. 1910లో రామనాథపురం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. 1985లో రామనాథపురాన్ని విభజించినప్పుడు కామరాజర్ జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు ఆ జిల్లా పేరు విరుదునగరం. ఆస్థానం తమిళం, అంగడి తమిళం, కచేరీ తమిళం అయిన ఈ సీమలో విజయనగర కాలం నుంచీ, మదుర నాయకుల కాలం నుంచీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాయి. రాజపాళయం రాజులు అందరికీ తెలిసినవారు. వారితో పాటు నాయుళ్ళు, నాయకర్లు, రెడ్లు ఉన్నారు. అరుంధతీయులలో చాలామందికి కూడా ఇంటి భాష తెలుగే అన్న సంగతి మన పరిశోధకులు తరచు మరచిపోతారు.

ఈ కుటుంబాల పిల్లలు ఏ బడికి వెళ్ళారు? ఏ బడికి వెళ్ళే వీలు వారికి ఉండేది? రాష్ట్ర విద్యావిధానం వారికి ఏమిచ్చింది, ఏమివ్వలేదు? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం ఇది. తెలుగునేల వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఇది గడచిన చరిత్ర మాత్రమే కాదు. తమ ఇంట్లో తాతకు వచ్చిన అక్షరాలు తమకెందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే వెదకాలి.

విద్యలో ఎంపిక అనే మాటను తూచడానికి మేము నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాము. ఆ ఎంపిక చట్టంలో ఉన్నదా? పిల్లవాడు నడిచి వెళ్ళగల దూరంలో ఉన్నదా? పై తరగతులలో కొనసాగుతుందా? దాన్ని ఎంచుకున్నందువల్ల పిల్లవాడు మరొకచోట నష్టపోడు కదా? ఈ నాలుగింటిలో ఒక్కదానికి లేదన్న జవాబు వచ్చినా, ఆ ఎంపిక కాగితం మీద ఉన్నదే గాని కుటుంబానికి అందలేదని చెప్పవలసి ఉంటుంది.

అరుగుబడుల కాలం

సర్కారు బడులు రాకముందు తమిళదేశంలో తిణ్ణై బడులు, తెలుగుదేశంలో వీధి అరుగుబడులు ఉండేవి. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. ఆ నివేదికల ఆధారంగా 1826లో అతడు రాసిన మినిట్‌లో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు లెక్క తేలింది. ఈ నివేదికలను ధరంపాల్ 1983లో పుస్తకరూపంలో అందుబాటులోకి తెచ్చారు.

మన విషయానికి ఇందులో పనికివచ్చే అంశం ఒకటి ఉంది. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక బడులను భాషలవారీగా విడదీసింది. మొత్తం 533 బడులలో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. తెలుగు కన్నడాలు కలిసి ఉన్న జిల్లాలో నాలుగు తమిళ బడులు కూడా నడిచాయంటే, ఆనాడు బోధనభాషను నిర్ణయించింది ఏలికలు కాదని స్పష్టం. పది కుటుంబాలు కలిసి పంతులుకు గింజలూ జీతమూ ఇవ్వగలిగితే, ఆ కుటుంబాలకు కావలసిన భాషలో బడి ఏర్పడేది.

అయితే ఆ స్వేచ్ఛను ఎక్కువ చేసి చెప్పుకోకూడదు. పంతులుకు జీతం ఇవ్వలేని కుటుంబానికి అందులో చోటు లేదు. ఆడపిల్లలకు దాదాపు లేదు. అరుంధతీయుల వంటి కులాల పిల్లలను అరుగు ఎక్కనివ్వనే లేదు. దక్షిణాంధ్ర వాఙ్మయమని మనం గొప్పగా చెప్పుకొనే తంజావూరు, మదుర నాయకుల కాలపు సాహిత్యం ఆస్థానాల పోషణలో పెరిగింది. ఆస్థానాలు పోగానే ఆ పోషణ పోయింది. సామాన్యుడి పిల్లవాడికి తెలుగు ఓనమాలు దిద్దించే ఏర్పాటు పంతులు ఉన్నచోట ఉండేది, పంతులు పోయినచోట పోయేది.

1854 నాటి వుడ్ నివేదనం తర్వాత గ్రాంటు బడులు, 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం తర్వాత స్థానిక బోర్డుల బడులు విస్తరించాయి. గ్రాంటుకు తనిఖీ కావాలి, తనిఖీకి నిర్ణీత పాఠ్యపుస్తకం కావాలి, పుస్తకానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కావాలి. జిల్లా భాష ఏదో ఆ భాషలోనే ఇవన్నీ సమకూరుతాయి. ఏ ఉత్తర్వూ తెలుగును నిషేధించలేదు. బడి నడిచే పద్ధతి మారడం వల్లనే దక్షిణ జిల్లాల బడి క్రమంగా తమిళబడి అయింది.

1949 నాటి లెక్క

1949 ఏప్రిల్ 6న మద్రాసు రాష్ట్ర ప్రధానిగా బాధ్యతలు స్వీకరించిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వారు. 1898లో పుట్టారు. ఇంటి భాష తెలుగు. 1952 ఏప్రిల్ దాకా నాలుగు ప్రధాన భాషల ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని ఆయన నడిపారు. ఆయన అధికారంలోకి వచ్చిన సంవత్సరమే, ఆగస్టులో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం భాషాల్పసంఖ్యాకుల పిల్లల విషయంలో ఒక తీర్మానం చేసింది. ఒక బడిలో మొత్తం 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాట్లాడే పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో వారి మాతృభాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుడిని నియమించాలని దాని సారాంశం.

1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు వచ్చిన ఏడవ రాజ్యాంగ సవరణ ఈ ఆశయానికి రాజ్యాంగంలో చోటిచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 350-ఎ అధికరణం చెబుతుంది. దాన్ని గమనిస్తూ ఉండడానికి ప్రత్యేకాధికారిని నియమించాలని 350-బి చెబుతుంది. మా మొదటి ప్రశ్నకు, అంటే చట్టంలో ఉన్నదా అన్నదానికి, అప్పటినుంచీ జవాబు ఉన్నదనే.

రెండో ప్రశ్న దగ్గరే చిక్కు వచ్చింది. 40 మంది, 10 మంది అన్న లెక్క ఒక్కొక్క బడికి వేసే లెక్క. తెలుగువారు ఒకేచోట గుంపుగా ఉన్న ఊళ్ళకు అది సరిపోతుంది. సేత్తూరు వంటి ఊరికి సరిపోదు. మాటవరసకు, ఒక ఊళ్ళో నాలుగు బడులున్నాయనుకుందాం. ఒక్కొక్క బడిలో రెండో తరగతిలో ఆరేసి మంది తెలుగు పిల్లలున్నారనుకుందాం. ఊరు మొత్తం మీద ఇరవైనలుగురు ఉన్నట్టే. కాని ఏ బడిలోనూ పదిమంది లేరు. కనుక ఎక్కడా పంతులు రాడు. పైగా పిల్లలు ఒకే వీధివారు కారు. రాజుల వీధి పిల్లవాడు వెళ్ళే బడికి అరుంధతీయుల వాడ పిల్లవాడు వెళ్ళకపోవచ్చు. కులం వీధులను విడదీస్తే, వీధులు బడులను విడదీశాయి. ఒకే భాష మాట్లాడే పిల్లలు ఒక లెక్కలోకి రాలేకపోయారు.

ఈ తేడా వల్లనే తమిళనాడులోని తెలుగువారి విద్యాచరిత్ర రెండు పాయలుగా చీలింది. ఉత్తరాన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలోనూ, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం కింద 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరిన తిరుత్తణి ప్రాంతంలోనూ తెలుగు మాధ్యమపు బడులు ముందునుంచీ ఉన్నాయి. మద్రాసు నగరంలో కేసరి విద్యాసంస్థలు, కన్యకాపరమేశ్వరీ దేవస్థానం వారి విద్యాసంస్థలు తెలుగువారి పోషణలో నిలిచాయి. సరిహద్దుకు అవతల పుస్తకాలున్నాయి, ఉపాధ్యాయులున్నారు, పై చదువుకు కళాశాలలున్నాయి. దక్షిణాన ఈ గొలుసు లేదు. అయిదో తరగతి దాకా తెలుగు చెప్పినా, ఆరో తరగతిలో ఏ బడికి పంపాలన్న ప్రశ్నకు జవాబు లేనప్పుడు, మొదటి తరగతిలోనే తమిళబడికి పంపడం తలిదండ్రుల తెలివితక్కువతనం కాదు. అది సరైన లెక్కే.

కామరాజు బడి, మధ్యాహ్న భోజనం

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి రాష్ట్రం తెలుగువారికి అన్యాయమే చేసిందని విద్యార్థులు తొందరపడి నిర్ణయించుకోకూడదు. విద్యావిధానాన్ని ఒక్క భాష కోణంలోనే తూచడం సరికాదు.

1953లో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడి వేళలను కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చింది. కులవిద్యా పథకమని దానికి పేరు పడింది. చర్మకారుడి కొడుకు చర్మకారుడిగానే మిగలాలా అన్న ప్రశ్న రాష్ట్రమంతటా లేచింది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు దాన్ని రద్దు చేశారు. కామరాజు విరుదునగరం మనిషి. 1957లోనూ 1962లోనూ సాత్తూరు నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. ఈ సీమ పేదరికం ఆయనకు చూచి తెలిసినదే. ఆయన కాలంలో కొత్త బడులు తెరిచారు, 1956లో మధ్యాహ్న భోజనం మొదలైంది. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం దాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించింది.

ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయుల పిల్లవాడికి అరుగుబడిలో ఏ భాషలోనూ చోటు లేదు. సర్కారు బడి అతనికి పలక ఇచ్చింది, అన్నం పెట్టింది, తమిళంలో అక్షరం ఇచ్చింది. 2009లో షెడ్యూల్డు కులాల కోటాలో అరుంధతీయులకు మూడు శాతం అంతర రిజర్వేషను ఇచ్చిన చట్టం ఆ చదువుకు కొనసాగింపుగా వచ్చింది. తెలుగు అక్షరం పోయిందని మనం బాధపడే వేళ, ఆ పిల్లవాడి ఇంటికి అసలు అక్షరమే మొదటిసారి వచ్చిందన్న సత్యాన్ని పక్కన పెట్టలేము.

2011 జనాభా లెక్కలలో తమిళనాడు అక్షరాస్యత 80.09 శాతం. అదే లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. ఇవి భాషలవారీ లెక్కలు కావు గనుక తెలుగు ఇళ్ళకు నేరుగా అన్వయించలేము. అయినా, తమిళదేశపు బడి ఆ రాష్ట్రపు పిల్లలకు చదువు అందించడంలో తెలుగునేల బడికన్నా ముందున్నదన్న సంగతి వీటిలో స్పష్టంగా ఉంది.

ఈ సీమలోని తెలుగు పెద్దలు కూడా విద్యకు దూరంగా లేరు. రాజపాళయంలో 1936లో మిల్లు స్థాపించిన పి.ఎ.సి. రామసామి రాజా వంటివారు పరిశ్రమతో పాటు విద్యాసంస్థలకూ పునాది వేశారు. 1973లో రాజపాళయం రాజుల కళాశాల ఏర్పడింది. ఈ సంస్థలు ఊరందరికీ తలుపులు తెరిచాయి. అది మెచ్చదగిన విషయం. కాని తెలుగు బోధన వాటి ప్రధాన లక్ష్యం కాలేదు. చట్టం కూడా దాన్ని కోరలేదు. అల్పసంఖ్యాకులకు తాము కోరిన విద్యాసంస్థలను స్థాపించుకొనే హక్కును రాజ్యాంగపు 30వ అధికరణం ఇస్తుంది. ఆ సంస్థలో తమ భాషనే చెప్పాలన్న నిబంధన అందులో లేదు. 1974లో అహమ్మదాబాదు సెంట్ జేవియర్స్ కళాశాల కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు భాషాసంస్కృతుల రక్షణకు మాత్రమే పరిమితం కాదని స్పష్టం చేసింది. కనుక తెలుగువారి బడి అన్నా తెలుగు బడి అన్నా ఒకటి కాదు. ఈ రెండింటినీ కలిపి లెక్కించే పరిశోధనలు తప్పుడు ఫలితాలు ఇస్తాయి.

ఇంగ్లీషు బడి అనే మూడో దారి

1968 జనవరిలో అణ్ణాదురై ప్రభుత్వం శాసనసభలో ద్విభాషా విధానాన్ని ఆమోదింపజేసింది. బడిలో తమిళం, ఇంగ్లీషు చాలునని, హిందీ అక్కరలేదని దాని ఉద్దేశం. అదే ఏడు కేంద్రం త్రిభాషా సూత్రాన్ని జాతీయ విధానంగా ప్రకటించింది. త్రిభాషా సూత్రం వచ్చి ఉంటే మూడో భాషగా తెలుగుకు చోటు దొరికేదని కొందరంటారు. దీనికి మేము పూర్తిగా ఒప్పుకోలేము. మూడో గడి ఉన్నంతమాత్రాన అందులో తెలుగు వచ్చి కూర్చోదు. పంతులు, పుస్తకం, పరీక్ష సమకూరనిదే ఏ గడీ నిండదు. హిందీకి ఉన్న ఉద్యోగాల ఆకర్షణ తెలుగుకు తమిళదేశంలో లేదు.

మరో పక్క, విశ్వవిద్యాలయాల అధీనంలో ఉండిన మెట్రిక్యులేషన్ బడులు 1970ల చివర రాష్ట్ర ప్రభుత్వ పర్యవేక్షణలోకి వచ్చి, ఆ తర్వాత చిన్న పట్టణాలకూ వ్యాపించాయి. అప్పటినుంచి సేత్తూరు సీమలో కలిగిన కుటుంబం ముందున్న ప్రశ్న తెలుగా తమిళమా అన్నది కాదు, తమిళమా ఇంగ్లీషా అన్నది. తెలుగు ఆ పోటీలోనే లేదు. 2012-13 నుంచి ప్రభుత్వ బడులలో కూడా ఇంగ్లీషు మాధ్యమపు తరగతులు విస్తరించాయి. 2010 నాటి సమచ్చీర్ కల్వి చట్టం స్టేట్ బోర్డు, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ అనే నాలుగు పద్ధతులను ఒకే పాఠ్యప్రణాళిక కిందికి తెచ్చింది. 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమన్నది. బడుల మధ్య పాఠాల తేడా తగ్గింది గాని మాధ్యమాన్ని బట్టి వచ్చే అంతస్తుల తేడా తగ్గలేదు.

ఇది తమిళదేశానికే పరిమితమైన మోజు కాదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. తెలంగాణ 2018లో తెలుగును అన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశం చేస్తూ చట్టం చేయవలసి వచ్చింది. తెలుగు రాజభాషగా ఉన్న నేలమీదనే బడిలో తెలుగు నిలవడానికి చట్టం కావలసివస్తే, సేత్తూరు తలిదండ్రులను మాత్రం భాషాభిమానం లేనివారని నిందించడం న్యాయం కాదు.

2006 చట్టం

1999 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం అయిదో తరగతి వరకు తమిళమో మాతృభాషో బోధనభాషగా ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 2000 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని రద్దు చేసింది. 2014 మే 6న కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే దారిలో నడిచింది. ప్రాథమిక దశలో మాతృభాషను బోధనభాషగా రాష్ట్రం బలవంతం చేయరాదన్నది. పిల్లవాడి మాతృభాష ఏదో నిర్ణయించేది తలిదండ్రులేనన్నది. ఎంపిక తలిదండ్రులదే అని న్యాయస్థానం తేల్చింది. ఎంపిక చేసుకోవడానికి ఎదుట ఏమున్నదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

మాధ్యమం విషయంలో దారి మూసుకుపోయాక రాష్ట్రం పాఠ్యాంశం వైపు తిరిగింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం. తమిళమో ఇంగ్లీషో మాతృభాష కాని పిల్లలు తమ భాషను నాలుగో భాగంగా, ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. అంతకుముందు మొదటి భాగంలో తమిళానికి బదులు తెలుగు తీసుకొనే వీలుండేది. ఈ చట్టంతో ఆ వీలు పోయింది.

దీనిమీద ఉత్తర జిల్లాల, చెన్నై నగర తెలుగు సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. 2016 పదో తరగతి పరీక్షకు హైకోర్టు మినహాయింపులు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు మినహాయింపును పొడిగించింది. ఈ వ్యాజ్యాల న్యాయాన్యాయాలు వేరే చర్చ. తెలుగు మాధ్యమంలో చదువుతున్న హోసూరు పిల్లవాడికి ఉన్నట్టుండి తమిళ పరీక్ష కష్టమే. సేత్తూరు పిల్లవాడి సంగతి అందుకు పూర్తిగా భిన్నం. అతనికి తమిళం కష్టం కాదు. వీధిలో వచ్చింది, బడిలో దృఢపడింది, రేపటి ఉద్యోగానికి అవసరం. అతనికి కావలసింది తమిళం నుంచి మినహాయింపు కాదు, తెలుగుకు కాస్త చోటు. ఆ చోటు చట్టంలో నాలుగో భాగం పేరుతో ఉంది. తెలుగు సంస్థల పోరాటమంతా మొదటి భాగం మీద నడిచినందున, దక్షిణ జిల్లాలకు అక్కరకొచ్చే నాలుగో భాగాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

2025 ఆగస్టు 8న ప్రకటించిన తమిళనాడు రాష్ట్ర విద్యావిధానం ద్విభాషా సూత్రాన్ని మళ్ళీ దృఢపరిచింది. 2020 నాటి జాతీయ విధానంలోని త్రిభాషా సూత్రంతో ఉన్న వివాదం దానికి నేపథ్యం. ఈ రెండు ప్రభుత్వాల వాదంలో తెలుగు మాట ఎక్కడో ఒక మూలనే వినబడుతుంది. 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు, అంటే జనాభాలో 5.87 శాతం. తమిళం తర్వాత స్థానం వారిదే.

లిపి లేని తెలుగు

బడిలో లేకపోయినా ఇంట్లో భాష నిలిచింది కదా, ఇక నష్టమేమిటని అడగవచ్చు. భాషాశాస్త్ర దృష్టితో దీనికి జవాబు చెప్పవలసి ఉంది. ఈ సీమలో పెళ్ళి శుభలేఖ తమిళంలో అచ్చవుతుంది. తెలుగు పాటనో పద్యాన్నో రాసుకోవలసివస్తే తమిళ లిపిలో రాసుకుంటారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. కనుక కుడి, గుడి అన్న రెండు మాటలూ ఒకే రాత. కాలి, గాలి ఒకటే. తాత, దాత ఒకటే. మాట మధ్యలో ఒంటిగా వచ్చిన ట-కారాన్ని తమిళం చదివే అలవాటుతో డ-కారంగా పలుకుతారు. మాట అని రాసుకున్నది మాడ అవుతుంది, పాట పాడ అవుతుంది. అవ్వ నోట విన్నవాడు సరిగా చదువుతాడు. విననివాడు చదవలేడు. అంటే ఆ రాత జ్ఞాపకానికి సాయమే గాని స్వతంత్రమైన రాత కాదు. ఒక తరం విని నేర్చుకోకపోతే ఆ కాగితం మూగది.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగువారి వలసకథను తమిళంలో నవలగా రాశారు. ఆ వరుసలో రెండోదైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాదెమీ బహుమతి వచ్చింది. తమిళ సాహిత్యానికి అది గొప్ప లాభం. తమ పూర్వుల కథను తమ భాషలోనే చదువుకొనే అవకాశం ఆ సీమ తెలుగువారికి లేకపోవడం ఇటువైపు నుంచి చూసినప్పుడు కనబడే లోటు.

ఇక్కడ మారిషస్‌ను పక్కన పెట్టి చూడడం మంచిది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. ఆ దేశంలో ప్రభుత్వ ప్రాథమిక బడులలో తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశం. తెలుగు సంతతి ఇళ్ళలో ఎక్కువగా వినిపించేది క్రియోల్. అక్కడ భాష ఇంట్లో సన్నగిల్లింది, అక్షరం బడిలో నిలిచింది. సేత్తూరులో భాష ఇంట్లో నిలిచింది, అక్షరం బడికి రాలేదు. రెండింటిలో ఏది బాగుచేయడం తేలిక? పిల్లవాడికి రాని భాషను బడిలో నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. వచ్చిన భాషకు లిపి నేర్పడానికి అంత కాలం పట్టదు. పైగా తమిళం చదివిన పిల్లవాడికి అచ్చులు, హల్లులు, హల్లుకు అచ్చు చేర్చే గుణింతపు పద్ధతి ముందే తెలుసు. కొత్తగా నేర్వవలసింది అక్షరాల ఆకారాలు, వర్గాక్షరాల తేడాలు, ఒత్తులు. సేత్తూరు సీమకు ఉన్న ఈ సౌకర్యాన్ని ఇంతవరకు ఎవరూ ఒక విధానంగా వాడుకోలేదు.

మా నిర్ణయం

మొదట పెట్టుకున్న నాలుగు ప్రశ్నలకు ఇప్పుడు జవాబులు చెప్పవచ్చు. తెలుగు చదువుకొనే ఎంపిక చట్టంలో ఉన్నది. దూరం విషయంలో ఉత్తరాన ఉన్నది, దక్షిణాన లేదు. కొనసాగింపు ఉత్తరాన క్రమంగా సన్నగిల్లుతున్నది, దక్షిణాన మొదలే కాలేదు. నష్టం విషయంలో, పూర్తి తెలుగు మాధ్యమం సేత్తూరు పిల్లవాడికి నష్టమే, నాలుగో భాగంగా తెలుగు నష్టం కాదు. విద్యను అందరికీ చేర్చడంలో తమిళనాడు విధానాన్ని మేము ఉన్నతంగా అంచనా వేస్తున్నాము. మాతృభాష విషయంలో హక్కును రాసి ఉంచి, దాన్ని వాడుకొనే భారాన్ని చెల్లాచెదురుగా ఉన్న తలిదండ్రుల మీద వదిలిన విధానంగా దాన్ని అంచనా వేస్తున్నాము.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. 1949 నాటి లెక్కను ఒక్కొక్క బడికి కాక ఊరు మొత్తానికి, లేదా పంచాయతి యూనియన్ మొత్తానికి వేస్తే చాలు. అప్పుడు ఒకే తెలుగు పంతులు వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క బడికి వెళ్ళి నాలుగో భాగం చెప్పగలడు. పాఠ్యపుస్తకాలను రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ ఇతర అల్పసంఖ్యాక భాషలతో పాటు తెలుగులోనూ అచ్చువేస్తున్నది. తెలుగువారు నడిపే విద్యాసంస్థలు తమ తరగతి గదిని వారానికి రెండు గంటలు ఇవ్వగలవు. ఆ గదిలో రాజుల వీధి పిల్లలూ అరుంధతీయుల వాడ పిల్లలూ పక్కపక్కన కూర్చోవాలి. అలా కూర్చోకపోతే లెక్క మళ్ళీ పదికి తక్కువే అవుతుంది.

విద్యార్థులు ఇందులో చేయదగిన పని కూడా ఉంది. దక్షిణ జిల్లాలలో ఏ ఊళ్ళో, ఏ వీధిలో, ఏ బడిలో తెలుగు ఇళ్ళ పిల్లలు ఎందరున్నారన్న పట్టిక కావాలి. నాలుగో భాగం కింద తెలుగు అడిగినవారెవరు, అడిగితే ఏమైంది, అడగనివారు ఎందుకు అడగలేదు అన్న వివరాలు కావాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు తమ వీధితో మొదలుపెట్టినా రెండేళ్ళలో ఒక తాలూకా పట్టిక తయారవుతుంది. సంఖ్య చేతిలో ఉన్నప్పుడే విద్యాధికారి దగ్గర అర్జీకి బలం వస్తుంది. ఆ పట్టికను సేత్తూరుతో, దాని చుట్టుపక్కల ఊళ్ళతో ప్రారంభించడం మంచిదని మేము తలుస్తున్నాము.